తనిఖీ పూర్తికాలేదు

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ వంతెన దాటి మాంగో వైపు వెళితే కనిపించే ఒక చిన్న గ్యారేజీలో ఆ కారుకు స్కానర్ తగిలించగానే తెర మీద పీ0420 అనే కోడ్ వచ్చింది. కారు 2014 నాటి పెట్రోలు బండి. యజమాని ఉక్కు కర్మాగారపు పరీక్షశాలలో మూడు దశాబ్దాలు పనిచేసి విరమించిన తెలుగు పెద్దమనిషి. తాతగారి కాలంలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబం. ఆ కారును పాత సహోద్యోగి కుమారుడికి అమ్ముతానని ఆయన మాట ఇచ్చారు. ఈలోగా డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం వెలిగింది.

మెకానిక్ కూడా తెలుగువాడే. “ఒక్క నిమిషం పని బాబాయ్. కోడ్ చెరిపేస్తే దీపం ఆరిపోద్ది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ ఉంది కదా” అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. ధ్రువపత్రానికి ఇంకా ఎనిమిది నెలల గడువుంది. ఆయన కాసేపు ఆలోచించి, “చెరుపు నాయనా. కానీ చెరిపాక బండి తన గురించి తాను ఏం చెబుతుందో కూడా చూపించు” అన్నారు.

పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ చెడిపోయిందన్న తీర్పు కాదు. దాని సామర్థ్యం నిర్ణీత హద్దు కంటే తగ్గిందన్న అనుమానం. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల పూత ఉన్న తేనెపట్టు లాంటి దిమ్మె అది. ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను, మండని ఇంధనాన్ని, నైట్రోజన్ ఆక్సైడ్లను అంతగా హాని చేయని వాయువులుగా మారుస్తుంది. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. ముందరి సెన్సార్ రీడింగ్ క్షణక్షణం ఊగిసలాడుతుంది. కన్వర్టర్ ఆరోగ్యంగా ఉంటే వెనకటిది నిలకడగా ఉంటుంది. రెండూ ఒకే తీరుగా ఊగితే కంప్యూటర్ అనుమానిస్తుంది. సైలెన్సర్ గొట్టంలో లీకు ఉన్నా, సెన్సార్ పాడైనా అదే కోడ్ రావచ్చు. అందుకే కోడ్ చూసి వెంటనే కన్వర్టర్ మార్చడం ఎంత తొందరపాటో, కోడ్ చెరిపి ఊరుకోవడం అంత కంటితుడుపు.

కోడ్ చెరిపిన తర్వాత స్కానర్‌లో రెండు సంగతులు కనిపించాయి. తప్పులు: లేవు. కన్వర్టర్ తనిఖీ: పూర్తికాలేదు. కోడ్‌తో పాటు కారు తనను తాను పరీక్షించుకున్న చరిత్ర కూడా తుడిచిపెట్టుకుపోతుంది. చల్లబడిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి, రహదారి మీద నిలకడైన వేగంతో నడిపి, మళ్లీ నిలిపి, ఇలా తగిన ప్రయాణాలు జరిగితేనే ఆ తనిఖీలు తిరిగి పూర్తవుతాయి. అమెరికాలో అనేక రాష్ట్రాల ఉద్గార పరీక్షల్లో ముందుగా చూసేది దీన్నే. 2001, ఆ తర్వాతి నమూనా కార్లలో ఒకటికి మించి తనిఖీలు అసంపూర్తిగా ఉంటే ఆ కారు నెగ్గినట్లు పత్రం ఇవ్వరు.

మన దేశంలో ఆ ప్రశ్నే లేదు. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. కారు తన లోపాన్ని తానే నమోదు చేసుకునే దశకు చేరింది. పరీక్షా కేంద్రం మాత్రం నిలిపి ఉంచిన పెట్రోలు కారు పొగగొట్టంలో కడ్డీ పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలిచి పత్రం ఇస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. కారు కంప్యూటర్‌ను ఏమీ అడగదు. ధ్రువపత్రం లేకుండా తిరిగితే పదివేల రూపాయల వరకు జరిమానా వేసే చట్టం, ఆ ధ్రువపత్రం ఏం చెబుతోందన్నది పట్టించుకోలేదు.

పెద్దాయనకు ఈ తేడా కొత్త కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో ఐదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడే. దానికి రంగు లేదు, వాసన లేదు. కనబడలేదు కాబట్టి లేదనుకున్నవాడు ఇంటికి తిరిగి రాడని ఆ ఊళ్లో కార్మికులందరికీ తెలుసు. పరీక్షశాలలో కూడా అంతే. నమూనా పరీక్షించని ఉక్కు, పరీక్షలో నెగ్గిన ఉక్కు కాదు.

ప్రభుత్వాలకు మాత్రం ఈ తేడా చెరిపేయడమే అనుకూలం. 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో ఇళ్లకు తిరిగి వెళ్తూ మరణించిన వలస కార్మికుల లెక్క అడిగితే, అలాంటి సమాచారం నిర్వహించడం లేదని కార్మిక శాఖ లోక్‌సభకు చెప్పింది. 2021 జులైలో, ఆక్సిజన్ కొరతతో మరణాలు సంభవించినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని ఆరోగ్య శాఖ రాజ్యసభకు చెప్పింది. అంతకు కొద్ది నెలల ముందే జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం నుంచి ప్రాణవాయువు ఆస్పత్రులకు తరలివెళ్లింది. ఈ జవాబుల్లో సాంకేతికంగా అసత్యం ఉండకపోవచ్చు. నివేదిక రాలేదన్నది, మరణం జరగలేదన్నట్లుగా వినిపించడమే వాటి ప్రయోజనం. యంత్రానికి ఉన్న పాటి నిజాయితీ, ‘తనిఖీ పూర్తికాలేదు’ అని ఒప్పుకునే నిజాయితీ, పాలనకు ఉండనక్కర్లేదా?

ఆయన రెండు రోజులు వరుసగా ఘాట్‌శిల వైపు కారు నడిపి వచ్చారు. తనిఖీ పూర్తయింది, పీ0420 తిరిగి వచ్చింది. మెకానిక్ ఈసారి ఓపికగా చూశాడు. గొట్టంలో లీకు లేదు. సెన్సార్ బాగానే ఉంది. కన్వర్టరే అరిగిపోయింది. కారణం కూడా దొరికింది: ఇంజన్ చాలాకాలంగా ఆయిల్ తాగుతోంది. మరమ్మతు చేయించకుండా ఎప్పటికప్పుడు ఆయిల్ పోస్తూ వచ్చింది పెద్దాయనే.

“ఈ తప్పు నాదే” అని ఆయన ఒప్పుకున్నారు. కొనదలచిన కుర్రవాడిని పిలిచి స్కానర్ తెర చూపించారు. ఇంజన్ పనికి, కొత్త కన్వర్టర్‌కు అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించారు. కుర్రవాడు ఆశ్చర్యపోయి, పొల్యూషన్ సర్టిఫికెట్ సరిగానే ఉంది కదా అని అడిగాడు. “దానికి ఇంకా ఎనిమిది నెలల గడువుంది బాబూ, బండికి లేదు” అన్నారాయన.