బొబ్బిలి కేశవయ్యగారు మా పక్షం

మారతహళ్ళిలో మా కుటుంబానిది ఇది మూడో తరం. తాతగారు హెచ్.ఎ.ఎల్.లో ఉద్యోగానికని బొబ్బిలి వైపు నుంచి వచ్చారు. ఊరికి రాకపోకలు తగ్గినా ఒక్క విషయంలో మేమింకా బొబ్బిలివాళ్ళమే. శ్యామశాస్త్రిగారికీ బొబ్బిలి కేశవయ్యగారికీ జరిగిన పోటీ మాటొస్తే మా ఇంట్లో అందరిదీ కేశవయ్యగారి పక్షం.

సంగీతం నేర్చుకున్న ఇళ్ళల్లో ఈ కథ తెలిసిందే. కేశవయ్యగారి బిరుదు 'భూలోక చాపచుట్టి'. లోకాన్నంతా చాపలా చుట్టేశాడని అర్థం. సంస్థానాల్లో విద్వాంసుల్ని ఓడిస్తూ తంజావూరు మరాఠా రాజుల కొలువుకొచ్చాడు. అక్కడివాళ్ళకి గుండె జారింది. కొలువు పరువే వాళ్ళ భుక్తి కదా! వెళ్ళి శ్యామశాస్త్రిగారిని (1762–1827) బతిమాలారు. ఆయన బంగారు కామాక్షి గుడిలో చింతామణి రాగంలో అమ్మవారిని వేడుకుని మర్నాడు సభకు వెళ్ళారట. కేశవయ్యగారు 128 అక్షరాల సింహనందన తాళం ఎత్తుకుంటే, శాస్త్రిగారు 79 అక్షరాల శరభనందన తాళంతో జవాబిచ్చారట. అది కేశవయ్యగారికి అందలేదు.

రాజులది మరాఠీ, ఊరిది తమిళం. గుడిలో శాస్త్రిగారు పాడింది మాత్రం తెలుగు! ఆయన పూర్వీకులూ కంభం నుంచి వలస వెళ్ళినవాళ్ళేనంటారు. కన్నడ దేశంలో కూర్చుని తెలుగులో కథలు చెప్పుకునే మాకు ఈ సంగతి భలే నచ్చుతుంది.

అదే తంజావూరులో అంతకు నూటయాభై ఏళ్ళ ముందు ఇంకో కథ. 1673లో యుద్ధంలో చనిపోయిన విజయరాఘవ నాయకుడి కొలువుకి మువ్వ క్షేత్రయ్య వెళ్ళాడు. గోలకొండలో 40 రోజుల్లో వెయ్యికి పైగా పదాలు కట్టాడని పేరున్నవాడు. రాజు ఆదరిస్తుంటే ఆస్థాన కవులకి కన్నుకుట్టింది. క్షేత్రయ్య దెబ్బలాడలేదట. కాంభోజిలో ఒక పదం కట్టి, చివర కొంత వదిలేసి, "మీరు పూర్తిచెయ్యండి" అని యాత్రకు వెళ్ళిపోయాడట. తిరిగొచ్చేదాకా అది ఎవరివల్లా కాలేదట.

పోయిన ఉగాదికి మా అపార్ట్‌మెంట్ పాటల పోటీలో పెద్దదానికి మొదటి బహుమతి వచ్చింది, చిన్నదానికి రాలేదు. వరసగా మూడో ఏడు. ఇంక సంగీతం మానేస్తానంది. ఓదార్పుగా ఉంటుందని ఈ రెండు కథలూ చెప్పాం. అంతా విని అది అడిగింది, "మరి ఓడిపోయినాయన పాటలేవీ?"

మేం విన్న కచేరీల్లో కేశవయ్యగారి పాట ఒక్కటీ రాలేదు. క్షేత్రయ్య మీద అసూయపడ్డ కవుల పేర్లయినా కథ మిగల్చలేదు. లోకాన్ని చుట్టినవాడి పాటలు చాపలోనే ఉండిపోయాయి. గెలుపోటములు ఒక్క సభతో తేలతాయి. పాట బతకాలంటే మాత్రం దాన్ని ఇంటింటా ఎవరో ఒకరు నేర్చుకుంటూ ఉండాలి. చిన్నదానికి ఇంతే చెప్పాం. అది చదివే తెలుగంతా పాటల పుస్తకంలోదే. పాట మానేస్తే మా ఇంట్లో తెలుగు అక్షరం దాని దగ్గరే ఆగిపోతుంది. మా భయం అది, బహుమతి గురించి కాదు.

ప్రస్తుతానికి శనివారం క్లాసుకి వెళ్తోంది. అక్కతో కలిసి పాడనంటోంది, సరే అన్నాం.

మీ పెద్దవాళ్ళెవరికైనా కేశవయ్యగారి కృతి ఒక్క చరణం గుర్తున్నా రాసి పంపండి. నేర్చుకోవడానికి మా ఇంట్లో ఒకరు సిద్ధంగా ఉన్నారు.