నాసిక్‌లో ముక్కుకు పని

షిర్డీ దర్శనం చేసుకుని మా రెండు కుటుంబాలూ నాసిక్ చేరాయి. మర్నాడు ఆడవాళ్ళు పంచవటికి, కాలారామ్ మందిరానికి బయల్దేరారు. మేమిద్దరం గంగాపూర్ డ్యామ్ చూసొస్తామని చెప్పాం. అబద్ధమేమీ కాదు, మేం వెళ్ళిన వైనరీ రెస్టారెంటు కిటికీలోంచి ఆ నీళ్ళు కనిపిస్తాయి. సగం నిజం చెప్పడంలో మాకు ధర్మరాజే గురువు.

లక్ష్మణుడు శూర్పణఖ ముక్కు కోసిన చోటు గనక ఈ ఊరికి నాసిక అని పేరొచ్చిందని స్థలపురాణం. వైన్ రుచి చూడడంలో ముప్పాతిక పని ముక్కుదే. ఆ పని నేర్పే బడి ఈ ఊళ్ళోనే ఉండడం నాకు భలే నచ్చింది.

నా మిత్రుడిది నల్లగొండ జిల్లా. తండ్రి తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. వీడు బ్యాంకు ఉద్యోగంలో పడ్డాడు గానీ నాలుక మాత్రం తండ్రిదే. ఆయన రేకలో కల్లు ఒక్క గుక్క తాగి ఏ చెట్టుదో చెప్పేవాడట.

బల్లమీద ఐదు గ్లాసులు పెట్టి, ఒక్కోదాన్లో రెండు గుక్కలకు సరిపడా పోశారు. ఎదురుగా ఒక కార్డు, పెన్సిలు. తెల్లచొక్కా కుర్రాడు పాఠం మొదలుపెట్టాడు. ముందు రంగు చూడాలి. గ్లాసును కాడ దగ్గర పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. ముక్కు లోపలికి పెట్టి పీల్చాలి. అప్పుడు నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పి, కావాలంటే పక్కనున్న గిన్నెలో ఉమ్మెయ్యాలి.

"ఉమ్మెయ్యాల్నా? పైసలిచ్చినంక గూడ?" అన్నాడు మావాడు.

రోజుకు యాభై రకాలు రుచి చూసేవాళ్ళు ఉమ్మకపోతే ఇల్లు చేరలేరని చెప్పాను. మావి ఐదే గదా అన్నాడు. ఆ గిన్నె ఆఖరిదాకా పొడిగానే ఉంది.

మొదటిది సావిన్యోఁ బ్లాఁ. కుర్రాడు గూస్‌బెర్రీ అన్నాడు, పాషన్ ఫ్రూట్ అన్నాడు. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. గూస్‌బెర్రీని పుట్టి బుద్ధెరిగాక చూసింది లేదు. మావాడు కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "దోర జామకాయరా! కొరికినప్పుడు ముక్కుకు తగుల్తది సూడు, అదే వాసన" అన్నాడు. మళ్ళీ పీల్చి చూశాను. నిజంగానే జామకాయ! అప్పటిదాకా నాకు దొరకని వాసన, పేరు తెలియగానే గ్లాసు నిండా ఉంది.

రెండోది శెనాఁ బ్లాఁ, కాస్త తియ్యన. మూడోది గులాబీ రంగుది, చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. నాలుగోది షిరాజ్. మావాడు మిరియాలన్నాడు. కుర్రాడి మొహం వెలిగిపోయింది. మిరియాలకు ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది.

ఐదోది కాబెర్నే సావిన్యోఁ. గుక్క వేసుకోగానే నాలుక బిగుసుకుపోయింది. తెల్ల వైన్‌కు ద్రాక్షరసం పిండి తొక్క తీసేస్తారు. ఎర్ర వైన్‌ను తొక్కలతో, గింజలతో కలిపే పులియబెడతారు. అందుకే ఆ రంగు, అందుకే ఆ టానిన్. అది లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటుంది, నోరు ఎండినట్టవుతుంది. కుర్రాడు ఇదంతా ఇంగ్లీషులో చేతులు తిప్పుతూ వివరిస్తుంటే మావాడు ఒక్క మాటలో తేల్చేశాడు. "వగరు." నేరేడుపండు తిన్న నాలుకకు, ఏటా ఉగాది పచ్చడిలో మామిడిపిందె వగరును వెతుక్కునే నాలుకకు టానిన్ గురించి కొత్తగా ఎవరు చెప్పాలి?

ఫ్రాన్సులోని బోర్డోలో జరిగి, 2001లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి వాడికి చెప్పాను. వైన్ విద్య చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లోనే ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కన్ను చెప్పిందే ముక్కు నమ్మింది. మావాడు నవ్వాడు. "రంగు కలిపితె పరవాలేదురా. మా దిక్కు కల్లుల మందు కలుపుతరు. దానికి ఏ ముక్కు సాలదు."

భోజనానికి కొల్హాపురీ మటన్ చెప్పాం. కారపు కూరకు చల్లటి శెనాఁ మంచిదని కుర్రాడు అన్నా, మటన్‌కు ఎర్రదే తోడని మావాడు కాబెర్నే సీసా తెప్పించాడు. రెండు ముద్దలు, ఒక గుక్క. నోట్లో కొరివి పెట్టినట్టయింది. కారం మీద టానిన్, ఆల్కహాలు పడితే మంట రెట్టింపవుతుంది. నోరు మూసుకుని శెనాఁ కూడా తెప్పించుకున్నాం. దాని తీపి కారాన్ని బుజ్జగించింది. ఆ రకంగా ఇద్దరికి రెండు సీసాలయ్యాయి.

కిటికీ బయట తోటలో కోత నడుస్తోంది. ఐరోపాలో ద్రాక్ష కోసేది మన దసరా రోజుల్లో. ఇక్కడ వానలు వెనకబట్టాక తీగలు కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. నాకు చిన్నప్పటి హైదరాబాదు గుర్తొచ్చింది. ఊరి చుట్టూ అనాబ్-ఎ-షాహి పందిళ్ళుండేవి. అవన్నీ ఇప్పుడు అపార్టుమెంట్లు.

మావాడు డ్యామ్ వైపు చూస్తూ, "ఇవి ఏం నీళ్ళురా?" అన్నాడు. గోదావరి అన్నాను. త్ర్యంబకంలో పుట్టి ముందుగా ఆగేది ఇక్కడే, తర్వాతే బాసరకు వస్తుంది. వాడు గ్లాసు పైకెత్తి కళ్ళకద్దుకున్నాడు. భక్తి ఎంతో, రెండో సీసా ఎంతో చెప్పలేను.

తర్వాత తండ్రి గురించి మాట్లాడాడు. తెల్లవారి దించిన లొట్టిలో తీపి, ఎండ పొడిస్తే పులుపు, మధ్యాహ్నానికి నిషా. వైన్‌కు ఏళ్ళు లెక్క, కల్లుకు గంటలు. "మా నాయనకు గిట్ల కార్డు, పెన్సిలు ఎవ్వలియ్యలేదు" అన్నాడు.

సాయంత్రం కారులో ఎక్కగానే మా ఆవిడ ఒక్కసారి గాలి పీల్చి, "డ్యామ్‌లో నీళ్ళు బాగానే ఉన్నట్టున్నాయి" అంది. కార్డూ పెన్సిలూ లేకుండానే కనిపెట్టేసింది.

మావాడు తెలుగులో నింపిన ఆ కార్డు నా దగ్గరే ఉంది. ఒకటి: దోర జామ. రెండు: సీతాఫలం. మూడు: ఏం లేదు. నాలుగు: మిరియాలు, నాయన గొంగడి. ఐదో దాని ఎదురుగా రెండు వరుసలు రాశాడు. ఏం రాశాడో నాకూ అంతుపట్టలేదు, వాడికీ అంతుపట్టలేదు.