చాదర్ వేరు, నేసినోని గుణం వేరు

షోలాపూర్ చాదర్ కొనేటోళ్ళు దాన్ని ఎవరు నేసిండని అడగరు. రంగు పోతదా, దారం గట్టిదేనా అని చూస్తరు. నేసినోడు ఇంట్ల ఎట్లుంటడో చాదర్ చెప్పదు. సినిమా దగ్గర మాత్రం మనం ఇట్ల ఆలోచించం. మనిషి నచ్చితే అతని తప్పులన్నీ మాఫీ చేస్తం. తప్పు బయటపడితే సినిమానే చూడొద్దంటం.

ఈ మధ్య మా చిన్నమ్మాయి ఫోన్ల ఒక పాత మెక్సికో సినిమా చూపించింది. పేరు 'ఎల్', స్పానిష్ భాషల 'అతడు' అని అర్థం. 1953ల వచ్చింది. తీసినాయన లూయిస్ బునుయెల్. సర్రియలిజం అనే పద్ధతికి పెద్ద పేరు ఈయనది. కలల ఒకదాని వెనుక ఒకటి కారణం లేకుండ వచ్చినట్టే తెర మీద చూపించడం ఆ పద్ధతి. 1929ల ఈయన, చిత్రకారుడు సాల్వడార్ డాలీ తమ కలలు ఒకరికొకరు చెప్పుకొని 'ఆందలూసియా కుక్క' అనే చిన్న సినిమా తీసిండ్రు. దాంట్ల కుక్కే లేదు! అరచేతిలకెళ్ళి చీమలు వస్తయి, మంగలికత్తితో కన్ను కోస్తరు. తర్వాత ఇద్దరి దారులు వేరైనయి. స్పెయిన్‌ను ఏలిన నియంత ఫ్రాంకోను డాలీ పొగిడిండు. బునుయెల్ మెక్సికోకు వలసపోయి 1949ల అక్కడి పౌరుడైండు.

'ఎల్'ల కథ మనకు కొత్తది కాదు. ఆస్తి, భక్తి, మర్యాద ఉన్న మగాడు పెళ్ళి చేసుకుంటడు. మొదటి రాత్రి నుంచే అనుమానం. ఎవరో తొంగిచూస్తున్నరని తాళంచెవి రంధ్రంల సూది గుచ్చుతడు. ఒకసారి గుడి గంట ఉన్న ఎత్తుకు తీసుకపోయి భార్యను కిందికి తొయ్యబోతడు. ఆమె తల్లికి చెప్పుకుంటది, పాదిరికి చెప్పుకుంటది. ఇద్దరూ అల్లుడు బంగారం అనే అంటరు. అక్కడ నేను సినిమా ఆపి కాసేపు ఊరికే కూర్చున్న.

ఇంత బాగా చూపించిన మనిషి ఆడోళ్ళ బాధ తెలిసినోడే అయి ఉంటడని అనిపిస్తది. కాదు. ఆయన భార్య జాన్ రుకార్ తన జ్ఞాపకాలు రాసుకున్నది. ఆయన చనిపోయినంక, 1990ల ఆ పుస్తకం వచ్చింది. దాని పేరే 'పియానో లేని ఆడమనిషి'. ఆమె పియానోను ఆమెను అడగకుండనే ఆయన స్నేహితునికి ఇచ్చేసిండట. ఇంట్ల అంత అనుమానం, అంత పెత్తనం. 'ఎల్'ల మొగునిల తన పాలు కూడా ఉన్నదని బునుయెలే ఒప్పుకున్నడు.

మరి ఆ సినిమా పారెయ్యాలా? వద్దంట నేను. ఆ కథ ఆయన సొంతం కూడా కాదు. మెర్సెడెస్ పింటో అనే స్పెయిన్ రచయిత్రి తన మొదటి మొగుని దగ్గర పడ్డ బాధను 1926ల నవలగ అచ్చేయించింది. సినిమాకు మూలం అదే. సినిమాను కొట్టేస్తే ఆమె గొంతును కూడా కొట్టేసినట్టే. పడుగు ఒకరు పోస్తరు, కండెలు ఒకరు చుడతరు, సాంచ ఒకరు నడుపుతరు. బట్టల అందరి చెయ్యి ఉంటది. సినిమా కూడా అంతే.

అయితే సినిమా గొప్పదని పియానో సంగతి చిన్నదైపోదు. మన గల్లీలల్ల ఒక మాట ఉంటది: "మీ ఆయన పనిమంతుడు, రెండు సాంచలు ఒక్కడే నడుపుతడు, కొంచెం కోపం ఉంటే ఏమైతది, సర్దుకో బిడ్డా." బీడీలు చుట్టుకుంట ఆడోళ్ళమే ఈ మాట అంటం. 'ఎల్'ల తల్లి అన్నది ఇదే. పనికి కూలి ఇయ్యాలె, మెచ్చుకోవాలె. ఇంట్ల చేసినదానికి జవాబు వేరుగా అడగాలె. ఒకదాని లెక్కల ఇంకోటి కొట్టెయ్యరాదు.

వీలైతే 'ఎల్' చూడుండ్రి, ఇంట్ల మగోళ్ళను కూడా కూర్చోబెట్టి చూడుండ్రి. తర్వాత పక్కింటి పిల్ల ఏడ్చుకుంట వచ్చి తలుపు కొడితే, వాని పనితనం చెప్పకుండ ముందు ఆమె మాట వినుండ్రి.