జవాను నడుము

ఆలూరు ఇంట్లో ఇనుప పెట్టె అడుగున దొరికిందా బొమ్మ. జి.ఐ.జో సైనికుడు, ఫన్‌స్కూల్ వాళ్లు మన దేశంలో తయారుచేసి అమ్మిన రకం. నాయిన మొజంజాహీ మార్కెట్‌కి బంతిపూల మూటలు తీసుకెళ్లి, వస్తూ వస్తూ అన్నకి కొనుక్కొచ్చాడు. అట్ట మీద ఏదో ఇంగ్లిష్ పేరుండేది. మా ఇంట్లో మాత్రం వాడు జవాను.

బెంగళూరులో ఎవరో కొంటామన్నారట. "కండిషన్ ఎట్లుందో చూసి చెప్పు తమ్మీ" అన్నాడు అన్న ఫోన్‌లో.

1964లో అమెరికాలో హాస్‌బ్రో తెచ్చిన జి.ఐ.జో పన్నెండు అంగుళాలుండేవాడు. 1982లో మూడు ముప్పావు అంగుళాలకి తగ్గాడు. అప్పటికే స్టార్ వార్స్ బొమ్మలు ఆ సైజులో తెగ అమ్ముడుపోతున్నాయి. కానీ వాటికి మోచేతులు వంగవు, వీడికి మోకాళ్లు కూడా వంగుతాయి. 1983 నుంచి చెయ్యి మోచేతి పైన పక్కకీ తిరుగుతుంది, రెండు చేతులతో తుపాకీ పట్టుకోడానికి. పేరుకి సైన్యమే గానీ కార్టూన్‌లో పేల్చేవన్నీ లేజర్లు. విమానం కూలితే పైలట్ ఎంచక్కా పారాచూట్‌లో దిగిపోతాడు.

మన ఫన్‌స్కూల్ బొమ్మల్లో కొన్నిటికి రంగులు అమెరికా వాటికంటే వేరు. అందుకే బయటి దేశాల వాళ్లు కూడా వీటికోసం వెతుకుతారు.

సరే, జవాను సంగతి. ముక్కు మీద, మోకాళ్ల మీద రంగు పోయింది. తుపాకీ లేదు, అట్ట ఎప్పుడో పోయింది. ఇవన్నీ రాసుకున్నాను. తర్వాత కుడిచెయ్యి. కలెక్టర్లు ముందుగా చూసేవాటిలో బొటనవేలు ఒకటి. తుపాకీ పిడి చేతిలో బలవంతంగా దూరిస్తే అది విరుగుతుంది. వీడికి లేదు. విరగ్గొట్టింది నేనే. ఆ రోజు అన్న చేతిలో దెబ్బలు తిన్నది మాత్రం మా చిన్నాయిన కొడుకు. నేను పక్కనే నిలబడి చూశాను, నోరు విప్పలేదు.

ఇక నడుము. ఛాతీనీ కాళ్లనీ కలిపి పట్టుకునేది లోపలి నల్ల రబ్బరు రింగు. ఏళ్లు గడిస్తే ఎండి తెగిపోతుంది, బొమ్మ రెండు ముక్కలవుతుంది. వీడు మాత్రం గట్టిగా నిలబడ్డాడు. అనుమానమొచ్చి వీపు మీది స్క్రూ విప్పాను. లోపల ఉన్నది కంపెనీ రింగు కాదు. వంకరటింకర అంచులు, ఒకవైపు మందం. సైకిల్ ట్యూబులోంచి కత్తిరించిన ముక్క. మా ఇంట్లో అట్లాంటి పనులు చేసేది నాయిన ఒక్కడే.

రింగు మార్చుకోవడం కలెక్టర్లలో మామూలే, అతుకు పెట్టినంత తప్పేం కాదు. కొత్తది వేస్తే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. చేవెళ్లలో మోటార్ల దుకాణంలో అడిగితే అంత సన్నది దొరక్కపోదు.

అన్నకి ఫోన్ చేశాను.

"బొటనవేలు లేదన్నా. నేనే ఇరగ్గొట్టిన అప్పుడు."

"తెలుసురా. వాడు ఆనాడే చెప్పిండు, నేనే నమ్మలే. నడుమెట్లుంది?"

ట్యూబు ముక్క గురించి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"గట్టిగుందా?"

"ఉంది."

"మల్ల బిగించు. ఆయనకి నేను చెప్తలే."

స్క్రూ చాప మీద పెట్టినట్టే గుర్తు. అరగంట వెతికితే తలుపు సందులో దొరికింది.