ఏ సెక్షన్?

ముప్ఫైల్లో ఉన్న, ఇంటర్ ఎంపీసీ చదివిన తెలుగువాళ్లని ఎవర్నైనా అడిగి చూడండి. ఎంసెట్ ర్యాంకు ఎంత అంటే కాసేపు తడుముకుంటారు. ఏ సెక్షన్ అంటే మాత్రం ఠక్కున చెప్తారు. మా ఆఫీసు క్యాంటీన్లో చాలాసార్లు అడిగి చూశాను. పై సెక్షన్ వాడు కాస్త నిటారుగా కూర్చుని చెప్తాడు. కింది సెక్షన్ వాడు ముందొక జోకు వేసి, తర్వాత చెప్తాడు. పదిహేనేళ్లు దాటినా ఇదే వరస.

నేను చదివింది విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీ. వారం వారం టెస్టు, నోటీసు బోర్డు మీద మార్కుల లిస్టు, నెలాఖరుకి సెక్షన్ల మార్పు. దాన్ని షఫ్లింగ్ అనేవాళ్లం. హాస్టల్ గదులు కూడా సెక్షన్ల వారీగానే ఉండేవి. అందుకని షఫ్లింగ్ రోజు రాత్రి కారిడార్ పొడవునా ట్రంకుపెట్టెలు ఈడ్చుకెళ్లే చప్పుడే. పరుపు చుట్ట చంకన పెట్టుకుని, చేతిలో బకెట్‌తో కిందికి దిగుతున్నవాడికి పైకి వస్తున్నవాడు మెట్ల మీద ఎదురయ్యేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. నేను ఎక్కువగా మధ్య సెక్షన్లలో తిరిగాను కాబట్టి పైనా కిందా ఏం జరుగుతోందో కొంచెం కనబడేది.

అమ్మానాన్నలకి చెప్పే కారణం సబబుగానే ఉండేది: "ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకి చెప్తామండీ." జరిగేది వేరు. పై సెక్షన్‌కి పేరున్న లెక్చరర్లు. కింది సెక్షన్‌కి ఆ ఏడే ఎమ్మెస్సీ పూర్తిచేసి వచ్చిన కుర్ర లెక్చరర్లు, వాళ్లూ రెండు మూడు నెలలకోసారి మారిపోయేవాళ్లు. పైన ఒక్క లెక్కని మూడు రకాలుగా చేయించేవాళ్లు. కింద "ముందు పబ్లిక్ గట్టెక్కండ్రా" అని ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పెట్టించేవాళ్లు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలకి 80 లెక్కలే. ఆ లెక్కలే కింద అరకొరగా చెప్పేవాళ్లు. కానీ వారాంతం టెస్టుకి అందరికీ ఒకటే పేపరు! మొదటి నెలలో ఇద్దరి మధ్య పది మార్కుల తేడా ఉంటే, దసరా సెలవుల నాటికి అది అందుకోలేనంత అయ్యేది. ఇప్పుడా తేడా తెలివిది కాదు, చెప్పిన పాఠానిది. బోర్డు మీద లిస్టుకి మాత్రం ఆ సంగతి తెలీదు.

కింది సెక్షన్‌కి ఇంకో దారి కూడా ఉండేది. మార్కులు బాగానే వస్తున్నా సెల్‌ఫోన్‌తో దొరికితే, గోడ దూకి సినిమాకెళ్తే, లెక్చరర్‌తో వాదిస్తే అక్కడికే పంపేవాళ్లు. ఫిజిక్స్ అర్థం కానివాడూ, బుద్ధిగా ఉండనివాడూ ఒకే బెంచీ మీద పడేవాళ్లు. ఈ రెండు లిస్టుల్నీ కలిపేయడం దగ్గరే అసలు అన్యాయం జరిగిందని ఇన్నేళ్ల తర్వాత నాకనిపిస్తుంది. చదువురాకపోవడమే ఒక తప్పుడు పని అయిపోయింది.

మా ఊరివాడొకడు నాతోపాటే చేరాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో టెన్త్ ఫస్టు వచ్చినవాడు. ఇంగ్లీషులో ఫిజిక్స్ వాడికి అంతుపట్టలేదు. నోరెత్తి అడగలేదు. రెండో నెలకే అట్టడుగు సెక్షన్‌లో ఉన్నాడు. స్టడీ అవర్లో వాళ్ల గుమ్మం దగ్గర వార్డెన్ కర్ర పట్టుకుని నిలబడేవాడు. ఎక్కడ ట్యూబులైటు పగిలినా ముందు వాళ్లనే నిలబెట్టి అడిగేవాళ్లు. సంక్రాంతి నాటికి వాడూ గోడ దూకడం నేర్చాడు. "ఆ సెక్షన్ వాళ్లంతే" అన్నాడు వార్డెన్, తన లెక్క సరిపోయినట్టు. ఈమధ్య కలిసినప్పుడు ఆ మాటే ఎత్తితే నవ్వాడు. "ఎటూ దొంగనే అంటున్నారు కదరా, సినిమా అయినా చూద్దామనిపించింది."

1968లో రోసెంథాల్, జాకబ్సన్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగమొకటి పుస్తకంగా వచ్చింది. ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్లకి కొందరు పిల్లల పేర్లిచ్చి, ఈ ఏడు వీళ్లు బాగా ఎదుగుతారని పరీక్షలో తేలిందన్నారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు ఎంచినవే. ఏడాది చివర, ముఖ్యంగా ఒకటి రెండు తరగతుల్లో, ఆ పిల్లలు నిజంగానే ముందుకెళ్లారు. ఆ ప్రయోగం మీద తర్వాత బోలెడు వాదాలు నడిచాయి, ప్రభావం అంత ఉండదన్నవాళ్లూ ఉన్నారు. మావాడి కథలో మాత్రం నాకు దాని తలకిందుల రూపం కనిపిస్తుంది.

అలాగని గుంపులుగా విడదీయడమే పాపం అనలేను. కెన్యాలో 121 బడుల్లో డుఫ్లో, డుపా, క్రెమర్ చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని మార్కుల్ని బట్టి రెండు సెక్షన్లు చేశారు, మిగతా సగంలో కలగలిపి ఉంచారు. విడదీసిన చోట పైవాళ్లే కాదు, కిందివాళ్లూ బాగుపడ్డారు. పాఠం వాళ్లకందే ఎత్తులో మొదలైంది కాబట్టి. అయితే ఏ సెక్షన్‌కి ఏ టీచరన్నది అక్కడ లాటరీ తీసి నిర్ణయించారు. మా కాలేజీలో అలా చీటీలు తీస్తామంటే పై సెక్షన్ అమ్మానాన్నలు ఊరుకునేవాళ్లా? మన దేశంలో ప్రథమ్ సంస్థ చేసేదీ ఒకరకంగా విడదీయడమే. అక్షరాలు వచ్చినవాళ్లు, మాటలు చదవగలిగేవాళ్లు, పేరా చదివేవాళ్లు అని. కానీ అది రోజులో కొంతసేపే, చదవడం వస్తే గుంపు మారిపోతుంది. గుంపు పాఠానికే, మనిషికి కాదు.

టెట్సుకో కురొయనాగి రాసిన 'రైలుబడి' చదివినవాళ్లకి టొట్టోచాన్ గుర్తుండే ఉంటుంది. మొదటి బడి ఆ పిల్లని మార్కుల కోసం వెళ్లగొట్టలేదు, అల్లరికి వెళ్లగొట్టింది. రెండో బడిలో రోజు మొదలవగానే ఆ రోజు పనంతా బోర్డు మీద ఉండేది. ఎవరిష్టమొచ్చిన దాంతో వాళ్లు మొదలుపెట్టేవాళ్లు. ఎవరు ఎక్కడ ఆగారో టీచరుకి కనబడిపోయేది, గోడ కట్టక్కర్లేకుండానే. నిజమే, అది మొత్తం యాభైమంది పిల్లల బడి. మా ఒక్కో సెక్షన్లోనే అంతకంటే ఎక్కువమంది ఉండేవాళ్లు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, హైదరాబాదులో ఏడో తరగతి చదువుతున్న మా అక్క కూతుర్ని ఈ జూన్‌లో సెక్షన్ మార్చారు. స్కూలు నుంచి వాట్సాప్‌లో మెసేజీ వచ్చింది: మార్కులు, ప్రవర్తన ఆధారంగా. ఏం చేయమంటావురా అని అక్క ఫోన్ చేసింది. గొడవ పడకు, నాలుగు ప్రశ్నలు అడుగు అన్నాను. ఆ సెక్షన్‌కి లెక్కలు ఎవరు చెప్తారు? పై సెక్షన్‌లో చెప్పేవి ఇక్కడా చెప్తారా? మార్కులు ఎన్ని తగ్గాయి, అల్లరి ఏం చేసింది, రెండూ విడివిడిగా చెప్పగలరా? మళ్లీ మారే వీలు ఎప్పుడు?

అక్క అడిగింది. మొదటి మూడింటికీ కనుక్కుని చెప్తామన్నారట. నాలుగోదానికి మాత్రం అక్కడికక్కడే జవాబొచ్చింది: "ఈ ఇయర్‌కి ఇంతే మేడమ్."

పిల్ల మాత్రం అప్పుడే కొత్త సెక్షన్‌లో ఎవరెవరున్నారో చెప్తోంది. "అందరూ అల్లరివాళ్లే అత్తా" అందట మా ఆవిడతో. చేరి నాలుగు రోజులే అయింది.