ఇంకో జుమ్మేరాత్ దాకా ఆగకండి

మా వరంగల్ మండీబజార్ గల్లీల్లో వయసు పిల్ల ఉన్నట్టుండి నిద్ర మానేసి, తనలో తనే మాట్లాడుకుంటే ముందు వినిపించేది ఒకటే మాట: "అసర్ అయ్యింది, ఆమిల్‌కు చూపియ్యండి." తావీజు కడతారు, కాజీపేట దర్గాకు తీస్కపోతారు.

నేను జిన్నాతుల్ని ఇన్కార్ చెయ్యను. కానీ అచ్చం ఇట్లనే మొదలయ్యే బీమారీ ఒకటుంది. 2007లో డాక్టర్ జోసెప్ దల్మావ్ బృందం దాని గుట్టు కనిపెట్టింది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే దిమాగులోని ఎన్ఎండీఏ రిసెప్టర్ల మీద పడతాయి. తలనొప్పి, జ్వరం, వహమ్. ఆ తర్వాత ఫిట్స్, మూతీ చేతులూ వాటంతటవే కదలడం, మాట పడిపోవడం. ఎక్కువగా వయసు ఆడపిల్లల్లో వస్తుంది. కొందరికి అండాశయంలో గడ్డ ఉంటుంది, అది తీసెయ్యాలి.

వెన్నునీరు పరీక్షిస్తే బయటపడుతుంది. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడితో ఇలాజ్ ఉంది. 2013లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో, రెండేళ్లు గమనించినవాళ్లలో ఐదుగురికి నలుగురు తమ పనులు తామే చేసుకునేంతగా కోలుకున్నారు. ఇలాజ్ తొందరగా అందినవాళ్లు ఎక్కువ బాగుపడ్డారు.

అందుకే నాకు జిన్నాతులకన్నా "ఇంకో జుమ్మేరాత్ చూద్దాం" అనే మాటంటేనే ఖౌఫ్. అమ్మీ తలమీద చెయ్యేసి దమ్ చేస్తూనే ఉండనీ. అబ్బా మాత్రం ఆ పూటే న్యూరాలజిస్టు దగ్గరికి బయల్దేరాలి. దువా ఎప్పుడూ దవాకు అడ్డం కాదు. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్‌యే.