అతిథుల కొరకు సిద్ధపడిన పట్టణము



మా అల్లవరం మండలంలో గల్ఫు దేశాలకు ఎవరూ వెళ్ళని వీధి అరుదు. కొబ్బరికి ధర పడిపోయిన సంవత్సరాలలో కువైట్, మస్కట్, దోహా నుండి వచ్చిన సొమ్మే మా వాళ్ళ ఇళ్ళను నిలబెట్టింది. 2022 అక్టోబరు చివరి వారంలో, అక్కడి తెలుగు సహోదరుల ఆహ్వానముపై ఖతార్ రాజధాని దోహాను చూచే తరుణము నాకు కలిగింది. నవంబరు 20న ఆ దేశంలో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు ఆరంభము కానున్నాయి. నవంబరు 1 నుండి పోటీల హయ్యా కార్డు లేని సందర్శకులకు ప్రవేశము లేదు గనుక, ఆ లోపే తిరిగి వచ్చేలా బయలుదేరాను.

ప్రయాణపు ముందు రాత్రి మా సంఘములోని ఒక తల్లి మాగాయ సీసా పట్టుకొని వచ్చింది. ఆమె ఏకైక కుమారుడు దోహాలో పనిచేస్తున్నాడు. "అయ్యగారూ, ఫోనులో అంతా బాగానే ఉందంటాడండి. వాడు పడుకునే గది మీ కళ్ళతో ఒక్కసారి చూసి రండి" అని అడిగింది. తప్పక చూస్తానమ్మా అని మాట ఇచ్చాను.

అమలాపురంలో రాత్రి బస్సు ఎక్కి హైదరాబాదు, అక్కడి నుండి నాలుగు గంటలకు పైగా విమానము. దోహా పెండ్లివారి ఇంటివలె ఉంది. ఎత్తైన భవనాలపై మేడంత ఆటగాళ్ళ బొమ్మలు, వీధుల నిండా 32 జట్ల దేశాల జెండాలు. 2019లో మొదలైన మెట్రో రైలు అద్దమువలె మెరుస్తోంది. ఈ పోటీలు ఖతార్‌కు దక్కినది 2010 డిసెంబరులో. అప్పటి నుండి పన్నెండు సంవత్సరాలు ఆ దేశము ఇసుకలో పట్టణాన్ని కట్టుకుంటూనే ఉంది.

ఆటలకు ఎనిమిది స్టేడియములు. వాటిలో 1976 నాటి ఖలీఫా స్టేడియము ఒక్కటే పాతది, దానిని బాగుచేశారు. మిగిలిన ఏడూ క్రొత్తవి. అల్ బైత్ స్టేడియము ఎడారివాసుల గుడారమువలె ఉంటుంది. అల్ తుమామా అరబ్బు పురుషులు పెట్టుకొనే అల్లిక టోపీవలె ఉంటుంది. నాకు అన్నిటికంటె వింతగా తోచినది సముద్రపు ఒడ్డునున్న 974 స్టేడియము. ఓడలలో సరకు పంపే ఇనుప పెట్టెలు 974 పేర్చి, తరువాత విప్పి తీసివేయుటకు వీలుగా కట్టారు. ఆ దేశపు ఫోను కోడు కూడా 974 అట.

సముద్రతీరపు రహదారిలో పెద్ద గడియారమొకటి నిలబెట్టారు. మా అమలాపురం గడియార స్తంభము గడచిన గంటను చెబుతుంది. ఈ గడియారము మిగిలిన దినములను చెబుతుంది. శుక్రవారము, అక్టోబరు 28న, అది 23 దినములని చూపింది. అతిథులు రావడానికి ఇరవై మూడు దినములు!

అక్కడ శుక్రవారము సెలవు గనుక ఆ దినమే ఆరాధన. మెసైమీర్ అనే చోట క్రైస్తవ ఆలయాలన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. అక్కడ మొదటి ఆలయము 2008లో తెరిచారు. బయటకు సిలువ గుర్తు కనబడదు, గేటు వద్ద సంచులు సోదా చేస్తారు. లోపల ఒక గంట తెలుగు పాట, మరు గంట మలయాళము, ప్రక్క గదిలో ఇంకొక భాష. డ్రైవర్లు, తాపీవారు, ఇంటిపనివారు కన్నీళ్ళతో పాడుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. కాని ఆ తల్లి కుమారుడు రాలేదు.

సాయంకాలము మన్సూరా ప్రాంతంలో అతని గది వెదుక్కుంటూ వెళ్ళాను. భవనానికి తాళము. మెట్ల ప్రక్కన పరుపులు, ఒక వంట గిన్నె, తెగిన చెప్పు. రెండు రోజుల క్రితము రాత్రివేళ అందరినీ ఖాళీ చేయించారని ఎదుటి కొట్టువాడు చెప్పాడు. అదే వారములో దోహా నడిబొడ్డున డజనుకు పైగా భవనాలు ఇట్లే ఖాళీ అయ్యాయని పత్రికలు వ్రాశాయి. ఇది పోటీలకు సంబంధించినది కాదనీ, అందరికీ వేరే వసతి చూపామనీ ప్రభుత్వము జవాబిచ్చింది.

రాత్రి పొద్దుపోయాక పట్టణము బయట అతనిని కనుగొన్నాను. ఎనిమిదిమంది ఉన్న గదిలో తొమ్మిదవవాడుగా నేలమీద సర్దుకున్నాడు. కొబ్బరిచెట్ల నీడలో పుట్టిన పిల్లవాడు మూడేళ్ళుగా అతిథులు నడిచే బాటల ప్రక్కన ఖర్జూరపు చెట్లు నాటి నీళ్ళు పెడుతున్నాడు. ఏజెంటుకు కట్టిన సొమ్ముకు వడ్డీయే ఇంకా తీరలేదు. మాగాయ సీసా చేతికి తీసుకొని, "అయ్యగారండీ, ఈ గది సంగతి అమ్మకు చెప్పకండి" అన్నాడు. ఇద్దరమూ ప్రార్థించుకొన్నాము.

న్యాయముగా చెప్పాలంటే అక్కడ చట్టాలు కొంత మారాయి. 2020లో యజమాని అనుమతి లేకుండా వేరే పనికి మారే హక్కు వచ్చింది. 2021 మార్చి నుండి కనీస జీతము నెలకు 1,000 రియాళ్ళు. వేసవిలో మధ్యాహ్నపు ఎండలో బయటి పనులు నిషేధము. అయినా మరణాలు లేకపోలేదు. పోటీలు జరుగుతుండగానే, ఏర్పాట్లు చూసిన సంఘపు ప్రధాన కార్యదర్శి, పనులలో చనిపోయినవారు 400 నుండి 500 మధ్య ఉంటారని చెప్పారు. అది 2014 నుండి 2020 వరకు దేశమంతటా అన్ని పనులలో జరిగిన 414 మరణాల లెక్క అని ఆ సంఘము తరువాత వివరించింది. ఏ లెక్కయైనా, ప్రతి అంకె వెనుక ఒక తల్లి ఉన్నది. కూలివాని కూలిని గూర్చి యాకోబు తన పత్రికలో ఎందుకంత కఠినముగా వ్రాశాడో ఆ రాత్రి నాకు బోధపడింది.

తిరుగు ప్రయాణమంతా ఒకే ప్రశ్న: ఆ తల్లికి ఏమి చెప్పాలి? కుమారుని మాట నిలపాలా, ఆమెకిచ్చిన మాట నిలపాలా? చివరకు చూచినది చూచినట్లు చెప్పాను. ఆమె చాలాసేపు మాటలాడలేదు. "నాకు తెలుసండి అయ్యగారూ, నా బిడ్డ గొంతు నాకు తెలీదా" అన్నది. మరునాడే ఆమె కొడుకుతో, "ఇక నా దగ్గర దాచకు నాన్నా, అప్పు కలిసి తీర్చుకుందాము" అని చెప్పిందట. డిసెంబరు 18న అర్జెంటీనా ఫ్రాన్సుపై గెలిచిన దినాన ఆమె మా ఇంటి టీవీ ముందు కూర్చున్నది. ఆట చూడలేదు. స్టేడియము బయట బాటలు చూపినప్పుడల్లా చెట్లను చూచింది.

ప్రియులారా, మీ పిల్లలను పంపే ముందు ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. పని ఒప్పందపు కాగితము ప్రతి ఇంట ఉంచుకోండి. పదవ తరగతి కాని పిల్లలకు ప్రవాసీ భారతీయ బీమా చేయించారా అని అడగండి. ప్రమాద మరణమునకు 10 లక్షల రూపాయలు వస్తాయి. అన్నిటికంటె ముఖ్యముగా, ఫోనులో డబ్బు సంగతితో ఆపక, "ఎక్కడ పడుకుంటున్నావు, ఏమి తింటున్నావు" అని అడగండి. వారు నిజము చెప్పగలిగే ఇల్లుగా మీ ఇల్లు ఉండును గాక.